అది మా కూరండి

పోయినేడు వర్షాకాలంలో భీమవరం పక్కన ఒక ఊళ్లో చేపల పెంపకం మీద శిక్షణా తరగతి జరిగితే నేను కూడా వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. సంఘాల ఆడవాళ్లు ఓ ముప్ఫై మంది దాకా వచ్చారు. పాఠం చెప్పే కుర్రాడు మంచివాడే, ఓపిగ్గానే చెబుతున్నాడు. చెరువులో బొచ్చె, శీలావతి పిల్లల్ని వదిలే ముందు "కలుపు చేపల్ని" పూర్తిగా నిర్మూలించాలన్నాడు. అందుకు ఇప్పచెక్క వెయ్యాలి, లేదా బ్లీచింగు పౌడరు చల్లాలి. కలుపు చేపలంటే ఏమిటో చెప్పడానికి జాబితా చదివాడు. కొర్రమట్ట, మట్టగిడస, జల్ల, బొమ్మిడాయి, ఇంగిలాయి, చేదుపరిగె...

ముందు వరసలో కూర్చున్న ఓ పెద్దావిడ పకపకా నవ్వింది. జీవితమంతా కూలి చేసి బతికిన మనిషి, అరవై ఐదేళ్లుంటాయి. "కలుపేటండీ బాబూ, అది మా కూరండి" అంది. అందరూ నవ్వారు. ఆ అబ్బాయీ నవ్వి, తర్వాత పేజీలోకి వెళ్లిపోయాడు.

నాకు మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోవాలనిపించింది. ఈ సంచికకి సంపాదకీయం ఏం రాయాలా అని రెండు వారాలుగా కొట్టుమిట్టాడుతున్నాను. ఆవిడ మాట తప్ప మరేదీ కలం కిందికి రాలేదు.

మా అమ్మమ్మగారి ఊరు ఉండి దగ్గర. చిన్నప్పుడు సెలవలకి వెళ్తే, పొద్దున్నే తట్ట నెత్తిన పెట్టుకుని చేపలావిడ వచ్చేది. అమ్మమ్మ డబ్బులిచ్చేది కాదు, చేటలో వడ్లు పోసేది. వేసవిలో కాలవలు కట్టేశాక అడుగున మడుగుల్లో మిగిలిన నీళ్లలో మాలపల్లె, మాదిగపల్లె ఆడవాళ్లూ పిల్లలూ దిగి పాత చీరముక్కలతోనూ బుట్టలతోనూ చేపలు పట్టేవాళ్లు. తూరల దగ్గర, బోదెల్లో, ఊడ్పులయ్యాక నీళ్లు నిలిచిన చేలల్లో... ఎక్కడ నీరుంటే అక్కడ ఏదో ఒక చేప ఉండేది. దానికి పాట లేదు, లీజు లేదు, పాసుపుస్తకం లేదు. సెంటు భూమి లేని ఆడది కూడా సాయంత్రం పిల్లల ముందు చారెడు చేపల పులుసు పెట్టగలిగేది. నాట్లేసి ఇంటికొస్తూ కొంగులో మూటకట్టుకొచ్చిన పరిగెలు ఆ కుటుంబానికి ఆ పూట తిండి. ఈ తిండిని ఏ లెక్కల పుస్తకంలోనూ ఎవరూ రాయలేదు. రాయని దాన్ని తీసేసినప్పుడు నష్టం కూడా లెక్కలోకి రాదు కదా!

ఆ చేలు ఇప్పుడు చెరువులు. ఉండి, ఆకివీడు, కాళ్ల, పాలకోడేరు... ఈ దారిలో బస్సులో కూర్చుంటే రెండు పక్కలా గట్లు, గాలి తిప్పే యంత్రాల చక్రాలు, కరెంటు తీగలు. చేను చెరువైతే ముందు పోయేది ఆడవాళ్ల పని. ఊడ్పు, కలుపుతీత, కోత ఇవన్నీ ఆడకూలీలవే. చెరువు మీద మేత వెయ్యడానికీ కాపలాకీ నలుగురు మగవాళ్లు చాలు. చేను చెరువు చెయ్యాలా వద్దా అన్న నిర్ణయం ఎవరు చేశారు? భూమి ఎవరి పేరున ఉందో వాళ్లు. ఆ చేలో ముప్ఫై ఏళ్లు ఊడ్చిన మనిషిని ఎవరూ అడగలేదు. కౌలుదారునే అడగనప్పుడు కూలీని అడుగుతారా?

చెరువులో నీరు మార్చినప్పుడల్లా మందులూ మేత మురుగూ కలిసిన నీళ్లు డ్రెయిన్లలోకి వస్తాయి. 2009లో వెనామీ రొయ్యకి అనుమతి వచ్చాక మరో ముప్పు తోడైంది. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో కూడా బోర్లు వేసి ఉప్పునీరు పైకి తోడుతున్నారు. ఆ ఉప్పు గట్టు దాటి పక్క చేలోకి, మంచినీళ్ల చెరువులోకి ఊరుతుంది. పరిగెలకీ జల్లలకీ ఆ నీళ్లలో బతుకు లేదు. మనుషులకి ఉంది, ఎందుకంటే మనకి బిందెలున్నాయి. ఆ బిందె మోసేది ఎవరో ఈ పత్రిక చదివేవాళ్లకి చెప్పక్కర్లేదు. డెల్టాలో, గోదావరి నీళ్లు కాలవల్లో పారే చోట, తాగే నీళ్లు డబ్బాలో కొనుక్కుంటున్నాం!

ఉప్పునీటి రొయ్యల సంగతి కోర్టుల దాకా వెళ్లింది. తమిళనాడు గ్రామ స్వరాజ్య ఉద్యమానికి చెందిన ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర నియంత్రణ మండలిలో కట్టిన రొయ్యల చెరువుల్ని కూల్చేయమంది, పంటభూముల్నీ మడ అడవుల్నీ చిత్తడి నేలల్నీ రొయ్యల చెరువులుగా మార్చకూడదంది, నష్టం చేసినవాడే పరిహారం కట్టాలంది. మూతపడే చెరువుల్లో కూలీలకి అదనంగా ఆరేళ్ల వేతనం ఇవ్వాలని కూడా అంది. ఇది చాలామందికి గుర్తులేదు. తర్వాత ఏమైంది? 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, తీర నియంత్రణ నిషేధం రొయ్యల సాగుకి వర్తించదని, అదీ 1991 నుంచే వర్తించదని, వెనక్కి వెళ్లి మరీ రాసుకుంది. తీర్పు పుస్తకాల్లోనే ఉంది, చెరువులూ తీరంలోనే ఉన్నాయి.

ఆ తీర్పుకి నెల ముందే, 1996 నవంబరు 6న, తుఫాను కాకినాడకి దిగువన తీరం దాటింది. వెయ్యి మందికి పైగా పోయారు. అప్పటికి నాలుగైదేళ్లుగా గోదావరి పాయల్లో టైగర్ రొయ్య పిల్లల వేట జోరుగా సాగుతోంది. సన్నకన్ను వలలతో మొల లోతు నీళ్లలో ఆడవాళ్లూ పిల్లలూ గంటల తరబడి నిలబడేవాళ్లు. పళ్లెంలో పోసి టైగర్ పిల్లల్ని ఏరుకున్నాక మిగిలినదంతా, అంటే వేరే రొయ్యల పిల్లలు, చేపపిల్లలు, పీతపిల్లలు, అన్నీ గట్టు మీద పారబోసేవాళ్లు. ఒక్క పిల్ల కోసం అన్ని పిల్లలు చచ్చేవి. ఆ ఆడవాళ్లని తప్పుపట్టడం సులువు. పిల్లకి ఇంత అని లెక్కగట్టి కొన్నవాడు నీళ్లలో దిగలేదు, అంతే తేడా. హేచరీలు వచ్చాక వాళ్లకి ఆ పనీ పోయింది. కోరింగ మడ అడవుల్లో, 1978లో అభయారణ్యంగా ప్రకటించిన చోట, బావురుపిల్లి బతికేది కూడా ఈ పాయల్లో చేపల మీదే. దాని గురించి ఈమధ్య పేపర్లలో ఫొటోలు వస్తున్నాయి, సంతోషం. అదే పాయలో చేపల కోసం దిగే ఆడమనిషి ఫొటో రావాలంటే మళ్లీ తుఫాను రావాలి కాబోలు.

పులస గురించి రాయకుండా గోదావరి చేపల గురించి రాస్తే మా జిల్లాలవాళ్లు ఊరుకోరు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. ఎంత ముచ్చటగా చెప్పుకుంటామో ఈ సామెతని! ఎవరి పుస్తెలు, ఎవరు అమ్ముతారు, ఎవరు తింటారు అని మాత్రం ఎప్పుడూ అడగం. సరే. సముద్రంలో విలసగా ఉన్న ఈ చేప వరదల రోజుల్లో ఎర్రనీటికి ఎదురీదుతూ గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి వస్తుంది. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక దాని దారి ధవళేశ్వరం దగ్గర ఆగిపోయింది. ఆనకట్టలు ఇలాంటి చేపల రాకపోకల్ని అడ్డుకుంటున్నాయని ఫ్రాన్సిస్ డే 1873లోనే ప్రభుత్వానికి నివేదికలో రాశాడు. 1982 నాటికి పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజీ వచ్చింది. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ మొదలయ్యాక ఎగువన అలహాబాదు దాకా వచ్చే ఇదే చేప దాదాపు కనపడకుండా పోయింది. కాటన్ దొరని తిట్టడం నా ఉద్దేశం కాదు. ఆనకట్ట లేకపోతే డెల్టాలో వరి లేదు, నేను చెప్పిన కాలవలూ బోదెలూ లేవు, వాటిలో పరిగెలూ లేవు. కానీ కట్టేటప్పుడు చేపకి దారి వదలాలన్న ఆలోచన అప్పుడూ లేదు, తర్వాతా లేదు. ఇప్పుడు యానాం రేవులో ఒక్క పులస ఇరవై వేలు దాటింది అని వార్త వేస్తారు. అంత ధర పలికే చేపని వేలంలో పాడి, తట్టలో పెట్టుకుని అమ్మే మత్స్యకార స్త్రీ ఇంట్లో ఆ పూట కూర ఏమిటో ఆ వార్తలో ఉండదు.

కొల్లేరు కథా ఇలాంటిదే. 1970లలో మత్స్యకార సంఘాల పేరున చెరువులు తవ్వారు, లీజుల దారిన అవి పెట్టుబడి ఉన్నవాళ్ల చేతికి పోయాయి. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో గట్లు కొట్టేశారు. గట్టు కొట్టినప్పుడు పెద్ద లీజుదారూ చిన్న మత్స్యకారుడూ ఒకేలా నష్టపోలేదన్న సంగతి అక్కడ పనిచేసిన మిత్రులకి తెలుసు.

మళ్లీ ఆ పెద్దావిడ మాటకి వస్తాను. కూర పోయింది, పని పోయింది. మరి ఆడవాళ్లు ఎక్కడికి వెళ్లారు? రొయ్యలు వలిచే షెడ్లకి వెళ్లారు. తెల్లారకుండా వ్యాన్ వస్తుంది. ఐసులో ముంచిన రొయ్యల్ని నిలబడి వలవడం, కిలోకి ఇంత అని కూలి. వేళ్లు మొద్దుబారతాయి, చర్మం ఊడుతుంది. 2024లో విదేశీ విలేకరులు వచ్చి ఈ చేతుల గురించి రాస్తే ప్రపంచానికి తెలిసింది. మనకి అంతకు ముందు తెలియదా? తమ కాలవలో చేప పోయిన స్త్రీ, ఎవరో అమెరికాలో తినే రొయ్యకి పొట్టు వలుస్తోంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు చెరువు రైతుల నష్టం మీద చర్చలు టీవీల్లో బోలెడు చూశాను. వ్యాన్ రాని రోజున ఆ ఇళ్లలో ఏం జరిగిందో ఒక్కరూ అడిగిన గుర్తు లేదు.

తుందుర్రు స్త్రీలు ఇదంతా ముందే చూశారు. తమ ఊళ్లో ఆక్వా ఫుడ్ పార్కు కడుతుంటే, దాని మురుగు గొంతేరులో కలిస్తే చేపలూ పొలాలూ తాగే నీళ్లూ పోతాయని తుందుర్రు, జొన్నలగరువు, కంసాలి బేతపూడి గ్రామాల ఆడవాళ్లు రోడ్డెక్కారు. 2016లో అక్కడ 144వ సెక్షన్ పెట్టారు, కేసులు పెట్టారు, ఆడవాళ్లు జైలుకెళ్లారు. మురుగుని గొట్టాల ద్వారా సముద్రానికి పంపిస్తామని ప్రభుత్వం అనాల్సి వచ్చింది. వాళ్ల భయం ఉత్తి భయమని కొట్టిపారేసినవాళ్లు చాలామంది. 2017 మార్చి 30న పక్కనే మొగల్తూరులో ఒక రొయ్యల కర్మాగారంలో వ్యర్థాల ట్యాంకు దగ్గర విషవాయువు పీల్చి 5గురు కార్మికులు చనిపోయారు.

మన సంఘాల్లో కూడా ఒక లోపముంది, ఒప్పుకుందాం. సారా ఉద్యమం అంటే మనది, గృహహింస అంటే మనది. చేప, కాలవ, ఉప్పునీరు అంటే "పర్యావరణం వాళ్లది" అని పక్కన పెట్టాం. నేనూ పెట్టాను. రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ లెక్క చూసి మనం ఐరన్ మాత్రల గురించి సమావేశాలు పెట్టుకున్నాం. బంగ్లాదేశ్‌లో మోలా అనే వేలెడంత చేప, తలా ముల్లూ కలిపి తినేది, తల్లులకీ పిల్లలకీ ఎ విటమిన్ ఎంత ఇస్తుందో శకుంతల థిల్‌స్టెడ్ ఏళ్ల తరబడి పరిశోధించింది. చెరువులో పెద్ద చేపలతో పాటు ఆ చిన్న చేపని కూడా పెంచొచ్చని చూపించింది. 2021లో ప్రపంచ ఆహార బహుమతి అందుకుంది. అంటే అక్కడ కూడా ఒకప్పుడు దాన్ని కలుపన్నారు, మందు పోసి చంపారు. ఇప్పుడు పెంచుతున్నారు. మన శిక్షణా పుస్తకాల్లో ఆ పేజీ ఎప్పుడు మారుతుంది?

మార్చమని అడగాల్సింది మనమే. పక్క చేను చెరువవుతుంటే అనుమతి కాగితం చూపించమని గ్రామసభలో అడగొచ్చు. డ్రెయిన్‌లో నీటి పరీక్షలు ఎప్పుడు చేశారో, ఏం తేలిందో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టొచ్చు. కాలవల్లోనూ డ్రెయిన్లలోనూ పూటకూటికి చేప పట్టుకునే హక్కు పాటదారుకి అమ్మేది కాదని పంచాయతీ తీర్మానం రాయించొచ్చు. సర్పంచి కుర్చీలో ఇవాళ ఎంతోమంది స్త్రీలున్నారు. కనీసం వాళ్లకైనా ఈ కాగితం చేరవెయ్యండి.

ఇంకొక చిన్న పని. మీ అమ్మల్నీ అమ్మమ్మల్నీ, మీ సంఘాల్లో పెద్దవాళ్లనీ అడిగి, మీ ఊరి కాలవల్లో దొరికిన చేపల పేర్లు రాసి పంపండి. ఎప్పుడు ఆఖరుసారి వండారో, ఎలా వండారో కూడా రాయండి. వచ్చే సంచికలో వేస్తాం. ఆ శిక్షణ అయ్యాక గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటున్న ఆ పెద్దావిడని, "మామ్మా, నీకు ఎన్ని గుర్తున్నాయి?" అని అడిగాను. వేళ్లు మడుస్తూ చెప్పింది. పంతొమ్మిది పేర్లు. అందులో ఆరు నేనెప్పుడూ వినలేదు. పక్కనే ఉన్న మనవరాలిని అడిగితే మూడు చెప్పింది, అందులో ఒకటి రూప్‌చంద్.