సోమాలియా వార్తలు

ఆఫ్రికా ఖండమునుండి మన పత్రికలకు చేరు వార్తలలో చాలభాగము రక్తపాతమునకు సంబంధించినవే. సోమాలియా, కాంగో, సూడాన్ అను పేళ్లు కనబడినంతనే పఠనమందిరమున కూర్చున్న చదువరి తరువాతి పంక్తి యేమో యూహించుకొని పుట త్రిప్పివేయును. ఆతని తప్పేమున్నది? ఆతనికి వడ్డించిన వార్త యట్టిది. 1990 తరువాత అమెరికా రాజనీతి పండితులు "విఫలరాజ్యము" అను నొక మాటను ప్రచారమునకు దెచ్చిరి. ఈ మాట తగిలించిన పిమ్మట కారణము నడుగవలసిన శ్రమ యుండదు. దొంగలు దోచుకొనుచున్నారు, తెగలు కొట్టుకొనుచున్నవి, అంతియే.

సోమాలియాలో అరాజకము లేదని మేము వాదించుటలేదు. 1991 జనవరిలో సియాద్ బర్రె ప్రభుత్వము కూలిన పిమ్మట మొగదిషు నగరమున ట్రక్కులపై మరతుపాకులు బిగించుకొని పేటకొక నాయకుడు రాజ్యమేలెను. 1992 నాటి కఱవులో రెండు మూడు లక్షలమంది మడిసిరని యంచనా. ఇది కల్లగాదు. కాని యా తుపాకులు సోమాలీ కమ్మరులు చేసినవి కావు. బర్రెకు మొదట సోవియట్ రష్యా ఆయుధము లిచ్చినది. 1977లో ఆ స్నేహము చెడినపిమ్మట అమెరికా యిచ్చినది. సోమాలీలలో దాదాపు అందఱి మతమొకటి, భాషయు నొకటియే. వంశభేదములు లేకపోలేదు; బర్రె తన గద్దె నిలుపుకొనుటకు వానినే ఎగదోసెను. 1988లో తన దేశమందలి హర్గీసా నగరముపై తన విమానములచేతనే బాంబులు వేయించెను. నాడు ప్రపంచపత్రికలలో హర్గీసాకు దొరకిన చోటెంత?

చోటు దొరకినది 1992 డిసెంబరు 9వ తేదీని. ఆ రాత్రి అమెరికా సైనికులు మొగదిషు సముద్రతీరమున దిగునప్పటికి, వారికంటె ముందుగా వచ్చి కెమెరాలును దీపములును నిలుపుకొని యుండినవారు విలేఖరులే! సాయుధులై వచ్చినవారి కన్నులు ఆ వెలుతురునకు మిఱుమిట్లు గొన్నవి. నాటినుండి ఆ దేశము కొన్నిమాసములపాటు లోకమునకొక ప్రదర్శనమయ్యెను.

1993 జూలై 12న అమెరికా హెలికాప్టరులు మొగదిషులో నొక గృహముపై క్షిపణులు ప్రయోగించినవి. లోపల అయిదీదు పక్షపు వృద్ధులు సభదీరి యుండిరి, పలువురు చచ్చిరి. చూచి వ్రాయవచ్చిన విలేఖరులలో నలుగురిని మండిపడుచున్న గుంపు పట్టి చంపివేసెను. వారు డాన్ ఎల్డన్, హాన్సీ క్రౌస్, హోస్ మైనా, ఆంథొనీ మచారియా. ఎల్డన్ ఇరువదిరెండేండ్ల చక్కని యువకుడు. ఆయన దినచర్య పుస్తకములు అచ్చయినవి, ఆయన కథ చలనచిత్రమైనది. తగినదే. మైనా, మచారియాలు కెన్యా దేశస్థులు. వారి పేళ్లు వినినవారు మనలో నెందఱు? ఆ సంవత్సరమే అక్టోబరు 3, 4 తేదీల పోరులో మడిసిన పదునెనిమిదిమంది అమెరికా సైనికులకు గ్రంథమును చలనచిత్రమును వెలసినవి. అదే పోరులో వందలకొలది సోమాలీలు చచ్చిరి. వారి లెక్క నేటికిని సరిగా తేలలేదు.

1995 మార్చిలో సమితి సేనలు వెడలిపోయినవి. ఆ సేనలలో 1993-94 సంవత్సరములలో బైదోవా ప్రాంతమున భారతీయ సైనికులును పనిచేసిరి, కొందఱు ప్రాణములిచ్చిరి. కనుక ఆ దేశము మనకు బొత్తిగా పరాయిది కాదు. సేనలతో కెమెరాలును పోయినవి. ఉత్తరభాగమున 1993లోనే బొరామా అను నూర నానావంశముల వృద్ధులు నెలలతరబడి సభచేసి, చర్చించి, రాజీపడి, సోమాలీలాండ్ పాలనకు పునాది వేసిరి. తుపాకి ప్రేలని యా సభ లోకపత్రికల కంతగా పట్టలేదు.

మరి యా యరాజకమున నిలిచి వార్త వ్రాసిన వారెవరు? అక్కడి వారే. 1999లో మొగదిషున హార్నాఫ్రిక్ అను రేడియోను స్థాపించినవారు కెనడాలో సుఖముగా బ్రదుకుచు స్వదేశమునకు తిరిగివచ్చిన సోమాలీలు. వినువారు టెలిఫోనులో సేనానాయకులనే నిలదీసి యడుగ వీలుకల్పించిరి. 2007 ఆగస్టు 11వ తేదీ ఉదయమున ఆ రేడియోలోని మహద్ అహ్మద్ ఎల్మీని కాల్చిచంపిరి. ఆనాడే ఆయన ఖననమునకు వెళ్లి మరలి వచ్చుచున్న స్థాపకుడు అలీ ఇమాన్ షర్మార్కె కారు క్రింద మందుపాతర ప్రేలి మరణించెను. ఒక్క 2012లోనే పదిమందికి పైగా పత్రికారచయితలు హతులైరి. హంతకులు శిక్షలేక తిరుగు దేశముల పట్టికలో, న్యూయార్కునందలి పత్రికారచయితల రక్షణసమితి సోమాలియాను 2015 మొదలు వరుసగా పలు సంవత్సరములు ప్రథమస్థానమున నుంచెను. విలేఖరిని చంపినవాడు ఒక్కొక్కప్పుడు తిరుగుబాటుదారు, ఒక్కొక్కప్పుడు ఎవరో తెలియనేరాదు. ప్రభుత్వోద్యోగులును పత్రికలవారిని చెరబెట్టుటకు వెనుదీయలేదు.

మన పత్రికలు సోమాలియా వార్తను లండను, న్యూయార్కు ఏజన్సీలనుండి యెత్తి, సగము తగ్గించి, మూల నచ్చువేయుచున్నవి. ఆ ఏజన్సీల వార్తకును మూలము మొగదిషు వీధులలో తిరుగు స్థానిక విలేఖరియే. ఆతని పేరు మాత్రము దారిలోనే రాలిపోవుట సామాన్యము. 2022లో మొగదిషునందు స్త్రీలే నడుపు బిలాన్ అను వార్తాసంస్థ వెలసినది. ప్రాణమునకు తెగించి తమ వీథుల సంగతి తామే వ్రాయువారు దొరకునప్పుడు, తెలుగు సంపాదకులలో నొక్కరైన వారికి నేరుగ నొక యుత్తరము వ్రాసి, వార్త తెప్పించుకొని, వ్రాసినవారి పేరుతో ప్రకటింపరాదా?