ఐపీ నోటీసు చించేయకండి

ఆదోని మార్కెట్ యార్డు దగ్గర టీ బంకు ముందు నిలబడి ఒక రైతు రిజిస్టర్డ్ కవరు విప్పాడు. లోపల టైపు కాగితాలు. తాను పత్తి వేసిన కమీషన్ వ్యాపారి కోర్టులో ఐపీ వేశాడు, దాని తాలూకు నోటీసు. అప్పులవాళ్ల పట్టికలో ఇతని పేరు ఇరవై మూడోది. పేరు పక్కన 1,86,000 అని ఉంది. ఆ అంకె మీద వేలు పెట్టి కాసేపు చూసుకున్నాడు. తర్వాత కాగితాలు నాలుగు ముక్కలు చేసి, గ్లాసులు పారేసే డబ్బాలో వేశాడు. "ఐపీ పెట్టినాడప్పా దొంగనాయాలు. ఇంగేముంది, గోవిందా!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లం తలలాడించాం. ఆ తలాడింపు తప్పని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. తీర్చలేని అప్పుల్లో మునిగినవాడు కోర్టుకు పెట్టుకునే అర్జీ. మన నోళ్లలో నాని నాని అది ఎగవేతకు మారుపేరైంది. టోపీ పెట్టాడు, ఐపీ పెట్టాడు: క్రియ ఒకటే, ప్రాస కూడా కలిసింది, ఇక అర్థం కలవడానికి ఎంతసేపు? ఎమ్మిగనూరులో ఇంకో మాట కూడా వినిపిస్తుంది. ఇంటి అవసరానికి చేసిన అప్పుకైతే ఐపీ చెల్లుతుంది గానీ వ్యాపారంలో చేసిన అప్పుకు చెల్లదట. ఐపీ పెట్టినవాడల్లా దొంగ అన్నదీ, వ్యాపార అప్పు ఐపీతో పోదన్నదీ ఒకే నోట వస్తుంటాయి. నిజంగా పోనే పోకపోతే వాడు దొంగ ఎలా అయ్యాడో ఎవరూ అడగరు.

చట్టం ఏమంటుందో చూద్దాం. ఇది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. అప్పటికి ఆదోని తాలూకా మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్లారి జిల్లా కింద ఉండేది. మద్రాసు నగరానికి 1909లోనే వేరే చట్టం వచ్చింది, మనలాంటి మొఫసిల్ ఊళ్లకు ఇది దక్కింది. 1953లో ఆదోని బళ్లారిని వదిలి ఆంధ్రకు వచ్చింది. రాష్ట్రాలు మారాయి, చట్టం మారలేదు. అప్పు 500 రూపాయలుండి తీర్చే శక్తి లేకపోతే అర్జీ పెట్టుకోవచ్చని అందులో ఉంది. ఆ 500 ఈనాటికీ 500గానే ఉంది. మద్దతు ధర లెక్కన చూసినా ఆ డబ్బుకు ఏడు కిలోల పత్తి రాదు.

ఈ చట్టంలో వ్యాపార అప్పు, ఇంటి అప్పు అనే గీత ఎక్కడా లేదు. దుకాణం బోర్డు మీద ఏ పేరైనా రాసుకోండి, ఒక్కడే యజమాని అయితే ఆ దుకాణమూ ఆ మనిషీ చట్టం కంట్లో ఒకటే. భాగస్వామ్యమైతే ప్రతి భాగస్వామి సొంత ఆస్తీ అప్పుకు పూచీ. కాబట్టి దూది బేళ్ల కోసం తెచ్చిన అప్పూ, కూతురి పెళ్లికి రాసిన ప్రోనోటూ ఒకే పట్టికలో చేరతాయి. చివర్న కోర్టు విడుదల ఉత్తర్వు ఇస్తే రెండూ ఒకేసారి రద్దవుతాయి. పోనివి వేరే ఉన్నాయి: సర్కారుకు కట్టాల్సిన బాకీ, మోసం చేసి తెచ్చిన అప్పు, నమ్మి అప్పగించిన సొమ్మును దగా చేసి మింగిన బాకీ, భార్యాబిడ్డలకు కోర్టు వేసిన మనోవర్తి. దొంగతో ముడిపడిన అప్పును చట్టం ముందే పక్కకు తీసి పెట్టింది. దొంగలందరికీ ఇది ఆశ్రయమని మనం ఎలా అనుకున్నామో!

విడుదల కూడా అడిగిన వెంటనే రాదు. మిగిలిన ఆస్తి తాకట్టు లేని అప్పులకు రూపాయికి ఎనిమిదణాలైనా రాకపోతే పూర్తి విడుదల ఇవ్వకూడదని 42వ సెక్షన్. అయితే ఆ లోటు తన చేతిలో లేని కారణాల వల్ల వచ్చిందని కోర్టును ఒప్పిస్తే మినహాయింపు ఉంది. చివరి మూడేళ్లలో వ్యాపారానికి తగ్గ లెక్కల పుస్తకాలు రాయకపోతే అడ్డం. మునిగిపోయానని తెలిసీ వ్యాపారం సాగించి ఉంటే అడ్డం. జూదం, దుబారా, తెగించిన స్పెక్యులేషన్ ఉంటే అడ్డం.

ఆ స్పెక్యులేషన్ దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఆదోని బతుకంతా అక్కడే ఉంది. 2022లో పత్తి క్వింటాలు పది వేలు దాటింది. ఆ ధరకు కొని, ఇంకా పెరుగుతుందని నిల్వ పెట్టినవాడు మర్నాటి సీజనుకల్లా ఏడు వేల లెక్క చూశాడు. వెయ్యి క్వింటాళ్ల మీద క్వింటాలుకు మూడు వేలు పోతే 30 లక్షలు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన సొమ్మైతే ఏడాది తిరిగేసరికి దాని మీద మరో 24 శాతం. ఇది జూదమా, వ్యాపారమా? మిల్లు ఆడించడానికి సరుకు పట్టి పెట్టుకోవడం వ్యాపారమే అంటాను నేను. కంప్యూటరు ముందు కూర్చుని, కంటితో చూడని పత్తి మీద పందెం కాయడం వేరు. ఈ రెంటినీ వేరు చేయాల్సింది పద్దు పుస్తకాలు చూసిన న్యాయమూర్తి. మనమేమో షట్టరు దిగిన సాయంత్రమే టీ గ్లాసు చేత్తో పట్టుకుని తీర్పు చెప్పేస్తున్నాం.

రైతు కోపం అబద్ధమని నేననడం లేదు. పత్తి వేసి, చీటీ తీసుకుని, డబ్బు కోసం నెలల తరబడి తిరిగినవాడికి ఆ మాట అనే హక్కు నాకు లేదు కూడా. మిల్లు తాకట్టు పెట్టుకున్న బ్యాంకు ఐపీతో సంబంధం లేకుండా మిల్లును అమ్ముకుని పోతుంది. చీటీ మాత్రమే ఉన్న రైతు మిగిలినదాంట్లో వాటాకు నిలబడాలి. ఇది అన్యాయంగానే ఉంది. కానీ అతను చించిన కాగితంలో ఏముంది? ఫలానా తేదీన కోర్టుకు వచ్చి చెప్పుకోమన్న పిలుపు ఉంది. వెళితే తన బాకీ రుజువు చేసుకోవచ్చు. పుస్తకాలు పెట్టమని అడగొచ్చు. రెండేళ్ల లోపు పెళ్లాం పేరనో బామ్మర్ది పేరనో ఊరికే రాసిచ్చిన ఇల్లుంటే, ఆ రాతను రద్దు చేయించి ఆస్తిని వెనక్కి లాగే దారి 53వ సెక్షన్‌లో ఉంది. అర్జీకి ముందు మూడు నెలల్లో ఒక్క అయినవాడికి మాత్రం బాకీ తీర్చి మిగిలినవాళ్లకు చేయి చూపించి ఉంటే అదీ తిరగబడుతుంది. ఆస్తి దాచినట్టు తేలితే జైలు. ఇవన్నీ జరగాలంటే ఎవరో ఒకరు అడగాలి. ఇరవై మూడు మందీ నోటీసు చించేస్తే, నిజంగా దాచుకున్నవాడికి అంతకంటే కావాల్సిందేముంది?

మన ఊళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. ఐపీ అప్పున్నవాడే వేయాలని లేదు, అప్పిచ్చినవాడూ వేయొచ్చు. అప్పులవాళ్లను తప్పించుకోవాలని ఇల్లో దుకాణమో వదిలి పోవడం, మొహం చాటేయడం: ఇవి దివాలాకు ఆనవాళ్లని చట్టమే రాసింది. అది జరిగిన మూడు నెలల్లోపు, నలుగురు రైతులు కలిసి తమ బాకీలు కూడి 500 దాటితే చాలు, ఆ మనిషిని దివాలాదారుగా ప్రకటించమని కోర్టును అడగొచ్చు. ప్రకటించిన క్షణం నుంచి ఆస్తి అతని చేతిలోంచి కోర్టు చేతికో రిసీవర్ చేతికో పోతుంది. నిజమైన దొంగ రాత్రికి రాత్రి లారీ మాట్లాడుకుని పోతాడు గానీ, తన ఆస్తి పట్టికా అప్పుల పట్టికా సంతకం పెట్టి కోర్టుకు ఇవ్వడు. పారిపోయినవాణ్ణి 'పాపం, ఏమైపోయాడో' అంటాం, కోర్టుకెక్కినవాణ్ణి దొంగ అంటాం.

ఇందులో అప్పుపడ్డవాళ్ల తప్పు కూడా ఉంది, అది చెప్పకపోతే వ్యాసం కుంటిది. చాలామంది అర్జీ వేయడంతోనే పని అయిపోయిందనుకుంటారు. కాగితం పడింది కదా, అప్పులవాళ్లు ఇంటి మీదికి రారు కదా, అరెస్టు భయం లేదు కదా అని ఊరుకుంటారు. కోర్టు ఇచ్చిన గడువులోపు విడుదలకు మళ్లీ దరఖాస్తు పెట్టుకోకపోతే దివాలా ఉత్తర్వే కొట్టేస్తారు, అప్పులన్నీ మళ్లీ వచ్చి కూర్చుంటాయి. రెండోసారి అర్జీ పెట్టాలంటే కోర్టు అనుమతి కావాలి. విడుదల రానంతకాలం కొత్తగా సంపాదించింది కూడా రిసీవరుకే చెందుతుంది. సగంలో ఆగినవాడు అప్పులవాడికీ కాకుండా, తనకూ కాకుండా పోతాడు. ఊరు చూసేది ఇలాంటి సగం ఐపీలనే, కాబట్టే ఊరికి దాని మీద నమ్మకం లేదు.

ఎమ్మిగనూరు కథ వేరే. మాచాని సోమప్ప 1938లో అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. నూలు కోసం షావుకారు ముందు చేతులు కట్టుకోనక్కర్లేని రోజు రావాలన్నది అలాంటి సంఘాల వెనకున్న ఆలోచన. సంఘం నీడ అందరి మీదా పడదు. బయట నూలు అప్పు తెచ్చి నాలుగు మగ్గాలు ఆడించేవాడికి చీరలు అమ్ముడుపోని సీజనొస్తే, వెంటనే గుర్తొచ్చేది జామీను సంతకం పెట్టిన బావ మొహం. ఇక్కడ చట్టం నిజంగానే కఠినం. అప్పు చేసినవాడికి విడుదల వచ్చినా జామీనుదారుకు రాదు. ఐపీ పెట్టాల్సినవాడు పెట్టకుండా ఉండిపోవడానికి పరువు ఒక కారణమైతే, ఈ బావ ఇంకో కారణం. నోటు తిరగరాసి, వడ్డీ అసల్లో కలిపి, మరో మూడేళ్లు నెట్టుకొస్తారు. మునిగినవాడు ఇంకా లోతుకు పోయాకే ఎవరికైనా తెలుస్తుంది. కొన్నిసార్లు తెలిసేది పేపర్లో ఫోటో పడ్డాకే.

ఈ ఊళ్లలోనే రైతు రుణమాఫీకి ఓట్లు పడ్డాయి, తప్పని ఎవరూ అనలేదు, నేనూ అనను. బట్టల వ్యాపారంలోనే ఉన్న అలోక్ ఇండస్ట్రీస్ బ్యాంకులకు దాదాపు 29,500 కోట్లు బాకీపడితే, 2019లో సుమారు 5,050 కోట్లకు ఆ లెక్క తేల్చారు. రూపాయికి మూడణాలు కూడా రాలేదు. పాత యజమానుల చేతిలోంచి కంపెనీ పోయిన మాట నిజమే, అయినా దానికి పెట్టిన పేరు చూడండి: పరిష్కార ప్రణాళిక. వదులుకున్న సొమ్ముకు హెయిర్‌కట్ అట, క్షవరం. ఆదోని మండీలో 30 లక్షలకు మునిగినవాడికి మాత్రం ఎనిమిదణాల లెక్క, పైన దొంగ బిరుదు. అమెరికాలో చాప్టర్ 7 కింద దివాలాకు వెళ్లేవాడి అప్పుల్లో ఎక్కువ భాగం వ్యాపారానివే అయితే, ఇంటి అప్పులవాళ్లకు పెట్టే ఆదాయ పరీక్ష కూడా పెట్టరు. దుకాణం పెట్టినవాడు నష్టపోవడం సహజమని అక్కడి చట్టం ముందే ఒప్పుకుంది.

మనకూ కొత్త చట్టం ఉంది, పుస్తకంలో. 2016 దివాలా స్మృతిలో మూడో భాగం వ్యక్తులకూ భాగస్వామ్య సంస్థలకూ ఉద్దేశించింది. 2019 డిసెంబరు 1 నుంచి అందులో అమలు చేసింది కంపెనీ అప్పులకు హామీ సంతకాలు చేసినవాళ్ల వరకే. దుకాణదారుకూ మగ్గం యజమానికీ ఇంకా తలుపు తెరవలేదు, వాళ్లకు 1920 చట్టమే గతి. తెరిచినా 'కొత్త ఆరంభం' అనే తేలిక దారిలో వెళ్లాలంటే ఏడాదికి ఆదాయం 60,000, ఆస్తి 20,000, అప్పు 35,000 దాటకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు. ఆ కొలతకు సరిపోయేవాడికి ఈ ఊళ్లలో ఎవరూ అప్పే ఇవ్వరు. పైగా విచారణ ఇప్పటిలా దగ్గరి కోర్టులో కాదు, రుణ వసూలు ట్రైబ్యునల్‌లో. అలాంటి ట్రైబ్యునల్ ఆదోనిలో లేదు, కర్నూలులోనూ లేదు. ఆ టీ బంకు దగ్గరి రైతు తన 1,86,000 చెప్పుకోవడానికి ఒక్క వాయిదాకు వెళ్లొస్తే, రానూపోనూ ఛార్జీలే 500 దాటిపోతాయి.