గుర్రం తోక మీద చెయ్యి వేయొద్దు!

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రజలకు మనవి.

మొన్న ఆళ్లగడ్డ పెళ్లి ఊరేగింపులో జరిగింది చాలామంది కళ్లారా చూశారు. ఒక పక్క బ్యాండు మోత, ఇంకో పక్క టపాకాయలు. పెళ్లికొడుకు ఎక్కిన తెల్లగుర్రం వెనక ఒక కుర్రాడు చేరి, తోక వెంట్రుకలు వేలికి చుట్టుకుని గుంజాడు. గుర్రం తన్నింది. వాడి చెయ్యి విరిగింది. పదిమంది కట్టెలు తీసుకుని కొట్టింది మాత్రం గుర్రాన్ని! పొగరుబోతు గుర్రమని పేరూ దానికే పెట్టారు. ఊడొచ్చిన వెంట్రుకలను పులిపిరికని ఒకరు, దిష్టికని ఇంకొకరు పంచుకుని పోయారు.

ఈ రోజు మన దగ్గర పెళ్లిళ్లకు తిరిగే గుర్రాలను చూడండి, పక్కగా నిలబడి. జూలుకు పూసలు, నుదుటికి అద్దాల పట్టీ, వీపు మీద జరీ గుడ్డ. తోక దగ్గరికొస్తే ఎలుక తోక. కొందరు దాన్ని కప్పిపెట్టడానికి సవరం కడుతున్నారు. పెళ్లి పెద్దలకు ఫోటోలో తోక నిండుగా కనబడితే చాలు. ఆ సవరం కింద ఏముందో అడిగినవాడు లేడు.

గుర్రం తోక వెంట్రుక నెలకు సుమారు 2 సెంటీమీటర్లు పెరుగుతుంది. మడమల దాకా దిగే వెంట్రుక మీటరుకు పైనే ఉంటుంది. అంటే మీరు ఒక్క గుంజుతో పీకిన వెంట్రుక మళ్లీ అంత కావాలంటే నాలుగేళ్లకు పైగా పడుతుంది. ఈ నాలుగేళ్లలో ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని ఉర్సులు, ఎన్ని ఊరేగింపులు? ప్రతి చోటా ఒక చెయ్యి పడుతుంది. ఒకే కుదురులో పదే పదే పీకితే అక్కడ వెంట్రుక రావడమే మానేస్తుంది. "ఒక్క వెంట్రుకే కదా" అని ప్రతివాడూ అంటాడు. ఒక్కొక్కటే పీకే గదా తోక బోడి చేసింది!

తోక అలంకారం కాదు. వెన్నెముకే కిందికి సాగి తోకైంది. లోపల దాదాపు 18 చిన్న ఎముకలు, వాటి చుట్టూ కండ, నరాలు. పట్టి లాగితే నొప్పి నడుము దాకా పోతుంది. ఈగ వాలితే తోలుకోవడానికి దానికి చేతులున్నాయా? కుందూ ఒడ్డున, కేసీ కాలవ వెంబడి మాపటేళ జోరీగలు, సన్నదోమలు ముసిరినప్పుడు దానికున్న ఆయుధం ఆ కుచ్చు ఒక్కటే. దాన్నే పీకి పులిపిరికి కట్టుకుంటున్నాం.

ఆ పులిపిరి సంగతీ చెప్పుకుందాం. పులిపిరి వచ్చేది వైరస్ వల్ల. చాలా పులిపిర్లు కొన్ని నెలల్లోనో, ఏడాది రెండేళ్లలోనో వాటంతటవే పోతాయి. వెంట్రుకతో బిగించి కడితే రక్తం ఆడక పైభాగం ఊడుతుంది, వైరస్ లోపలే ఉంటుంది, పుండు పడుతుంది. షుగర్ ఉన్నవాళ్లకైతే ఆ పుండే వేలు తీసేదాకా తేవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రికి పోతే మందు రాస్తారు, మాడ్చి తీస్తారు. గుర్రం పేరు చెప్పి వెంట్రుకలమ్ముకునే వాడి దగ్గరికి పోయేవాళ్లను ఏమనాలి? తాతలు చేశారు కాబట్టి చేస్తున్నామంటారు. తాతలు మశూచికి వేపమండలూ కట్టారు. టీకా వచ్చాక మానేశాం కదా!

మన నేల మీద గుర్రం తోకకు ఒకప్పుడు ఎంత విలువుండేదో వినండి. విజయనగర రాజు సాళువ నరసింహరాయల గురించి ఫెర్నావో నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి 16వ శతాబ్దంలో రాసిపెట్టాడు. రాయలు సముద్రం మీదుగా గుర్రాలు తెప్పించేవాడు. దారిలో చచ్చిన గుర్రం తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికొచ్చిన గుర్రానికిచ్చినంత ధరే ఇచ్చేవాడట. చచ్చిన గుర్రం తోకకే బతికిన గుర్రం ధర కట్టిన దేశంలో బతికున్న గుర్రం తోకకు ఇవాళ కాణీ విలువ లేదు. గుర్రాల లక్షణాల మీద తెలుగులో ఒక కావ్యమే రాశాడు మనుమంచి భట్టు. మనం మాత్రం గుర్రం వెనక నిలబడి వెంట్రుకలు లెక్కపెడుతున్నాం. ఆళ్లగడ్డ శిల్పులు గుర్రాన్ని మలిచేటప్పుడు తోక పాయ పాయా ఉలితో తీస్తారు. రాతి గుర్రానికున్న తోక అదే వీధిలో నడిచే గుర్రానికి లేకపోవడం సిగ్గుచేటు కాదా?

చట్టం ఏం చేస్తోందని అడుగుతారు. జంతుహింస నిరోధక చట్టం 1960లో వచ్చింది. మొదటి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు! దశాబ్దాలు గడిచినా ఆ అంకె కదలలేదు. టీ తాగినంత డబ్బుతో గుర్రాన్ని హింసించి ఇంటికి పోవచ్చు. ఎద్దుల విషయంలో 2014లో సుప్రీంకోర్టు తోకలు మెలిపెట్టడం, కొరకడం ఎంత హింసో వివరంగా రాసింది. తోకలో ఎముకలు విరుగుతాయనీ చెప్పింది. మహానంది తిరునాళ్లలో బండలాగుడు చూసేవాళ్లకు ఆ మాట కొత్త కాదు. గుర్రం తోక కోసం కోర్టుకు పోయినవాడు మన దగ్గర ఎవడూ ఉన్నట్టు వినలేదు. ఇంగ్లండులో అందం కోసం తోకలు కత్తిరించే ఫ్యాషన్‌ను 1949లో చట్టం చేసి ఆపారు. మనకు చట్టం దాకా కూడా అక్కర్లేదు. చెయ్యి వెనక్కి తీసుకుంటే చాలు.

గుర్రాలు పెట్టుకుని బతికే అన్నలకు ఒక మాట. మీ కడుపు మీద కొట్టాలని కాదు ఇది. తోక పాడైన గుర్రానికి మీకే బాడుగ తగ్గుతుంది. తోక పలచబడితే ముందు పురుగులు చూడండి. నులిపురుగులు బయటికొచ్చి గుదం చుట్టూ గుడ్లు పెడతాయి. దురదకు గుర్రం గోడకు తోక రాసుకుని వెంట్రుకలు తెంపుకుంటుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కాల్చేసి, డాక్టరు చెప్పిన మోతాదులో పురుగుల మందు పట్టించండి. మాపటేళ కొట్టంలో వేపాకు పొగ పెట్టండి. కాలవ గట్ల మీద సుబాబుల్ పచ్చగా కనబడుతుందని కోసి వేయకండి; మేకలు, గొర్రెలు తట్టుకుంటాయేమో గానీ అందులోని మిమోసిన్ గుర్రం జూలు, తోక రాల్చేస్తుంది. ఉలవలు, పచ్చగడ్డి, ఉప్పురాయి, జింకు, రాగి ఉన్న ఖనిజ మిశ్రమం ఇవ్వండి. ఈ మేత ఫలితం తోకలో కనబడటానికి నెలలు పడుతుంది, ఓపిక పట్టండి. రోజూ దువ్వెన పెట్టి లాగొద్దు. చిక్కుంటే కొబ్బరినూనె రాసి కింది కొసనుంచి పైకి వేళ్లతో విడదీయండి. రబ్బరు బ్యాండు బిగించి రాత్రంతా వదిలేస్తే తోక చచ్చుబడుతుంది. ఏదైనా అనుమానముంటే 1962కు ఫోన్ చేయండి, పశువైద్య అంబులెన్సు ఇంటికే వస్తుంది.

గుర్రం పక్కన కాపలా మనిషిని పెట్టలేనివాళ్లు జనంలోకి గుర్రాన్ని తీసుకురావద్దు. ఇది అడుగుతున్నది కాదు, చెబుతున్నది.

మునిసిపాలిటీలు, పంచాయతీలు ఊరేగింపుకు అనుమతి ఇచ్చేటప్పుడు ఒక షరతు రాయాలి: గుర్రానికి రెండు వైపులా ఒక్కొక్క మనిషి, దాని వెనక మూడు బారల లోపు ఎవరూ ఉండకూడదు, పక్కన టపాకాయ పేల్చకూడదు. తోక వెంట్రుకలు అమ్మేవాడు కనబడితే పోలీసులు కేసు రాయాలి, జరిమానా పది రూపాయలైనా సరే. పేరు స్టేషను పుస్తకంలోకి ఎక్కాలి.

పెళ్లి చేసే తల్లిదండ్రులారా, గుర్రం మాట్లాడుకునే ముందు సవరం విప్పించి తోక చూడండి. బోడిగా ఉంటే, పుండ్లుంటే ఆ గుర్రాన్ని వద్దనండి. మీ అబ్బాయి కారులో పోతే పెళ్లి ఆగదు. ఊరేగింపులో ఎవడి చెయ్యి తోక మీద పడినా పట్టుకోండి. అది మీ బంధువు చెయ్యే అయినా వదలొద్దు.