బ్రయన్ మత్తు, బార్బరా చావు

‘బ్రెయిన్ డామేజ్’ని నెత్తిన పెట్టుకునేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఫ్రాంక్ హెనెన్‌లాటర్ న్యూయార్క్‌లో తక్కువ ఖర్చుతో తీసిన ఈ హారర్ కామెడీ 1988లో వచ్చింది. వ్యసనం గురించి ఇంత నిజాయితీగా ఎవరూ తీయలేదని మగ మిత్రులు నాకు పాఠం చెబుతుంటారు. నిజాయితీ ఎవరి పట్ల?

కథ చిన్నదే. బ్రయన్ అనే కుర్రాడిని ఐల్మర్ అనే పాములాంటి పరాన్నజీవి పట్టుకుంటుంది. మెడ వెనక నీలం ద్రవం ఎక్కిస్తుంది. లోకమంతా రంగులు, వెలుగులు! బదులుగా దానికి మనుషుల మెదళ్ళు కావాలి. జాన్ జాకర్లీ గొంతులో అది ఎంత మర్యాదగా మాట్లాడుతుందంటే, నాకు పెళ్ళిళ్ళ పేరయ్య గుర్తొచ్చాడు. మత్తు మానాలని బ్రయన్ చవక హోటల్ గదిలో గిలగిల్లాడుతుంటే అది పక్కనే హాయిగా పాట పాడుకుంటుంది. గొప్ప దృశ్యం, కాదనను.

ఇక నైట్‌క్లబ్ దృశ్యం. ఒకమ్మాయి బ్రయన్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంటుంది. అతని ప్యాంటులోంచి ఐల్మర్ దూసుకొచ్చి, ఆమె నోట్లోంచి మెదడు లాగేస్తుంది. ఆమెకో పేరు కూడా లేదు. థియేటర్లలో వేసినప్పుడు ఈ దృశ్యాన్ని కోసేశారు, తర్వాత వీడియోలో తిరిగి చేర్చారు. చేర్చినందుకు అభిమానులకు పండగ. “మగతనాన్నే వెక్కిరిస్తున్నాడు, మీకు హాస్యం తెలీదు” అంటారు. తెలుసు నాయనా. వెక్కిరించింది మగతనాన్నే అయితే చచ్చింది ఆమె ఎందుకు?

తర్వాత బార్బరా. ప్రియుడు గదిలో తలుపేసుకుని కూర్చుంటాడు, మాట దాస్తాడు, మాయమవుతాడు. తలుపుకి ఇవతల నిలబడ్డ ఆడమనిషికి వ్యసనం అంటే అదే కదా! కెమెరా మాత్రం ఇవతలికి వచ్చి ఆమెతో నిలబడదు, బ్రయన్ పుర్రెలోనే కాపురం ఉంటుంది. చివరికి సబ్‌వే రైల్లో అతను ముద్దు పెట్టుకుంటాడు, అతని నోట్లోంచి ఐల్మర్ వచ్చి ఆమెని చంపేస్తుంది. అతనెంత దిగజారాడో కొలవడానికి ఆమె శవం కొలబద్ద.

బ్రయన్‌కి మాత్రం ముగింపులో పగిలిన తలలోంచి దేదీప్యమానంగా వెలుగు చిమ్ముతుంది. మత్తుకి బానిసైన మగవాడికి ఆ మాత్రం దైవత్వం దక్కింది. మరి ఆడవాళ్ళకి? 1990లో ఇదే దర్శకుడు ‘ఫ్రాంకెన్‌హుకర్’ తీశాడు. అందులో విటుల దగ్గర ఒళ్ళమ్ముకునే స్త్రీలు క్రాక్‌కి బానిసలు. వాళ్ళు జెఫ్రీ తయారుచేసిన ‘సూపర్ క్రాక్’ పీల్చి ఒకరి తర్వాత ఒకరు పేలిపోతారు. వెలుగూ లేదు, ఏమీ లేదు. కాళ్ళూ చేతులూ ఏరుకుని, చనిపోయిన తన ఎలిజబెత్‌కి కొత్త ఒళ్ళు కుడతాడు జెఫ్రీ.

చివర్లో బతికొచ్చిన ఎలిజబెత్ అతని తలని ఆ ఆడవాళ్ళ అవయవాలకే అతికిస్తుంది. అక్కడ నేనూ పగలబడి నవ్వాను. ఆ అవయవాలు ఎవరివో ఆమె కూడా అడగలేదు.