ఇంట గురువు లేని వేట

వేట పుస్తకాలతో అబ్బే విద్య కాదు. తండ్రి వెంట కొడుకు, మామ వెంట మేనల్లుడు అడవిలో నడచి నేర్చుకొనే విద్య. మరి ఏడు తరాలలో ఎవ్వరూ విల్లుగాని, తుపాకిగాని పట్టని ఇంట పుట్టినవానికి దీనిని ఎవరు నేర్పాలి?

ఖరగ్‌పూర్ వంటి ఊరిలో ఈ ప్రశ్న సహజంగానే పుడుతుంది. 1900 ప్రాంతంలో బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షనును, కర్మాగారాన్ని నెలకొల్పింది. ఆ కంపెనీ మార్గం వాల్తేరు వరకు సాగింది. ఆ దారినే ఎందరో తెలుగువారు వచ్చి రైల్వే కాలనీలలో స్థిరపడ్డారు. తాతలకు తెలిసిన కొండలూ వాగులూ అక్కడే ఉండిపోయాయి. ఇక్కడ పడమటగా, ఝార్‌గ్రామ్ దిక్కున ఉన్న సాలవృక్షాల అడవి వారికి కొత్తది. దాని ఆనుపానులు తెలిసినవారు సంతాలులు, లోధాలు.

కొత్తవానికి రక్తసంబంధం లేని గురువు దొరకటం అసాధ్యమేమీ కాదు. 1875లో నైనీతాల్‌లో జన్మించిన జిమ్ కార్బెట్‌కు ఆరేండ్లు నిండకముందే తండ్రి గతించాడు. అన్న టామ్ కొంత నేర్పాడు. అయితే ఆ బాలునికి అడవిలో మెలగటం నేర్పినవారిలో ముఖ్యుడు కున్వర్ సింగ్ అనే గ్రామపెద్ద, దొంగవేటలో ఆరితేరినవాడు. తరువాత మొకామా ఘాట్‌లో చాలాకాలం రైల్వే సరుకుల మార్పిడి పని చూసిన కార్బెట్, 1952లో వెలువడిన ‘మై ఇండియా’ గ్రంథంలో అతనికి ఒక అధ్యాయమే కేటాయించాడు.

అటువంటి గురువు మొదట నేర్పేది గురి కాదు. గాలి ఎటు వీస్తున్నదో గమనించటం, అడుగుజాడ నిన్నటిదో నేటిదో తెలుసుకోవటం, కోతి కూతకు కారణం వెదకటం, కదలక కూర్చోవటం. అన్నిటికీ మించి, చేతికి అందిన జంతువును విడిచిపెట్టటం. సంతాలుల వార్షిక వేటకు ‘దిహ్రి’ అనే పెద్ద ఉంటాడు. వేట ముగిసిన రాత్రి అడవిలోనే సభ తీరి తగవులు తీర్చటం వారి సంప్రదాయం. అంటే ఆయుధంతో పాటు కట్టుబాటు కూడా వారసత్వమే.

కట్టుబాటును వదలి ఆయుధాన్ని మాత్రమే అందుకుంటే ఏమవుతుందో జంగల్‌మహల్ చూసింది. 2018 ఏప్రిల్‌లో, వేటల ఋతువులో, లాల్‌గఢ్ ప్రాంతపు బాఘ్‌ఘొరా అడవిలో ఒక పెద్దపులి బల్లెపు పోట్లకు బలి అయింది. అంతకు కొద్ది వారాల ముందే అది అటవీశాఖ కెమెరాకు చిక్కి అందరినీ ఆశ్చర్యపరచింది. పండుగల పేరిట జరిగే ఈ సామూహిక వేటలను నిరోధించవలసిందిగా కలకత్తా హైకోర్టు 2019లో ఆదేశించింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది. 1991 సవరణ లైసెన్సు వేటకు కూడా తలుపు మూసింది.

అయితే విద్య మాత్రం అంతరించవలసిన పని లేదు. మన నల్లమలలో జాడ పట్టటం ఎరిగిన చెంచులు నేడు పులులకు కావలి కాస్తున్నారు. ఖరగ్‌పూర్ యువకునికి అడవిపై మనసు పడితే, దుర్భిణి పట్టుకొని, అక్కడి మనిషి వెనుక పది అడుగుల దూరంలో మౌనంగా నడవవచ్చు. గాలి, జాడ, కూత, ఓర్పు — పాఠాలు అవే. చివరి పాఠం, విడిచిపెట్టటం, అందరికంటె ముందు అతనికే వస్తుంది.