సాక్షికి నంబరే పేరా?

ఫోచా. బోస్నియాలో ద్రీనా నది ఒడ్డున ఓ ఊరు. 1992లో అక్కడి ముస్లిం ఆడవాళ్లని హైస్కూల్లో, పార్టిజాన్ స్పోర్ట్స్ హాల్లో బంధించారు. సైనికులు వచ్చి ఏరుకుని తీసుకుపోయేవాళ్లు. ఆ ఆడవాళ్లే ఎనిమిదేళ్ల తర్వాత హేగ్‌లో, యుగోస్లావియా యుద్ధనేరాల ట్రిబ్యునల్ ముందు నిలబడి గవాహి చెప్పారు. పేర్లు లేవు, నంబర్లే. టీవీలో ముఖం చెదరగొట్టారు, గొంతు మార్చారు. 2001 ఫిబ్రవరి 22న ముగ్గురికి శిక్షలు పడ్డాయి: 28, 20, 12 ఏళ్లు. అత్యాచారమూ, మనుషుల్ని బానిసల్ని చేయడమూ మానవాళి మీద నేరాలేనంది తీర్పు.

అది గెలుపే. కాదనను. మరి గెలిచినామె ఆ తర్వాత ఎక్కడికి వెళ్లిందో ఎవరైనా అడిగారా?

తెర కోర్టులో ఉంటుంది. బతుకు బయట ఉంటుంది. చిన్న ఊళ్లో నాలుగు రోజులు ఒక మనిషి కనపడకపోతే ఎక్కడికి పోయిందో గల్లీ గల్లీకి తెలుస్తుంది. ట్రిబ్యునల్ కొద్దిమందిని వేరే దేశాలకు పంపింది. మిగతావాళ్లకు? నష్టపరిహారం ఇప్పించే అధికారం దానికి లేదు. 2017 చివర్లో తలుపులు మూసుకుంది. సాక్షి గాయానికి మూతపడే తేదీ ఉందా?

'తన మీద చెప్పేదెవరో ముద్దాయికి తెలియొద్దా?' అంటారు పెద్దమనుషులు. తెలియాలి. 1995లో టాడిచ్ కేసులో ముద్దాయికి సైతం పేరు చెప్పకుండా దాచొచ్చన్నారు జడ్జీలు, ఒకరు ఒప్పుకోకపోయినా. దాన్ని నేనూ సమర్థించను. కానీ ప్రశ్నించడం వేరు, చీల్చడం వేరు. 1998లో ఫురుంజియా కేసులో సాక్షి మానసిక చికిత్స కాగితాలు పట్టుకుని ఆమె జ్ఞాపకాన్నే బోనెక్కించారు. అలాంటి గాయమున్న మనిషి కూడా నమ్మదగిన సాక్షేనని చివరికి కోర్టే చెప్పాల్సొచ్చింది. గాయపడటమే అబద్ధానికి రుజువా?

ఇక మన సంగతి. బోస్నియా కోసం దువా చేసిన నోటితోనే 'ఇజ్జత్ పోతుంది, ఊరుకోవమ్మా' అంటాం. ఎవరి ఇజ్జత్? చెరిచినవాడిది పోదు, చెప్పినదానిది పోతుందా? సాక్షిని మొదట బెదిరించేది శత్రువు కాదు, మన ఇంటి గడపే.

1998 రోమ్ ఒప్పందం సాక్షులకు రక్షణ, పరిహారం రెండూ రాసుకుంది. మన దేశం అందులో చేరలేదు. ఇక్కడ సాక్షుల రక్షణ పథకానికి సుప్రీంకోర్టు ముద్ర పడటానికే 2018 దాకా పట్టింది. గుజరాత్ బెస్ట్ బేకరీ కేసులో సాక్షులు అడ్డం తిరిగితే 2003లో నిందితులంతా బయటికొచ్చారు. 2004లో సుప్రీంకోర్టు కేసుని మహారాష్ట్రకు మార్చి మళ్లీ విచారించమంది. భయాన్ని తీసేయకుండా నిజం చెప్పమనడం ఇన్సాఫ్ కాదు.

తెర చాలదు. ఉండటానికి ఇల్లు, చేయడానికి పని, డాక్టరు, కాపలా కావాలి. అన్నిటికన్నా ముందు, ఆమె తిరిగొచ్చినప్పుడు తలుపు తెరిచే మనుషులు కావాలి. ఆ తలుపు మనదే. తెరుస్తామా?