ఆ నాలుగు సెకన్లు మనవి



ఈ గ్రూపులో మనం ఎప్పుడూ నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్పులు, హాస్టల్ సీట్ల గురించే రాస్తుంటాం. ఈసారి వేరే సంగతి. పోస్టు కొంచెం పొడుగైంది, ఓపికతో చదవండి. హైదరాబాద్‌లో చదువుకుంటున్న మన పిల్లలం చాలామందిమి జీతం లేకుండా ఒక ఉద్యోగం చేస్తున్నాం. దాని పేరు దుబాసీ పని.

ఊరి నుంచి ఫోన్ వస్తుంది. "బిడ్డా, బాపును పట్నం దవాఖానకు రాసిండ్రు. రేపు పొద్దుగాల బస్సు దిగుతం." అంతే. ఆ రోజు క్లాసు పోయినట్టే. పొద్దున్నే ఇమ్లీబన్ బస్టాండ్‌కు వెళ్తాం. అక్కడి నుంచి అఫ్జల్‌గంజ్, ఉస్మానియా ఆసుపత్రి. నయాపూల్ దాటితే హైకోర్టు, మదీనా. మూసీకి ఇటూ అటూ ఉన్న ఈ కొద్దిపాటి దూరంలోనే మనవాళ్ల రోగాలు, కేసులు అన్నీ తేలతాయి. డాక్టర్ ఇంగ్లీషు కలిపిన తెలుగు మాట్లాడతాడు. గేటు దగ్గర మనిషి, మందుల షాపు మనిషి దక్కనీ ఉర్దూ మాట్లాడతారు. మనవాళ్లది గోండి, కోయ, కొలామి, లంబాడీ. మధ్యలో నిలబడేది మనం.

ఇన్నాళ్లూ ఈ పనిని సాయం అనే అనుకున్నాం. ఇదొక విద్య అనీ, సరిగ్గా రాకపోతే మనిషికి నష్టం జరుగుతుందనీ అనుకోలేదు. ఒక తప్పు చేశాకే మాకు తెలిసొచ్చింది.

ఏ ఆసుపత్రో రాయడం లేదు. ఎందుకంటే తప్పు ఆసుపత్రిది కాదు, మాది. కాలు విరిగి ఊళ్లో సరిగ్గా అతుక్కోక, ఆర్నెల్లుగా కుంటుతున్న ఒక పెద్దాయనకు మాలో ఒకరు దుబాసీగా వెళ్లారు. డాక్టర్ చెబుతుంటే పక్కన కూర్చుని చెవిలో గోండిలో చెబుతూ పోయారు. డాక్టర్ అన్న మాట ఇది: "ఆపరేషన్ చేస్తే మళ్లీ మునుపటిలా నడుస్తాడని గ్యారంటీ ఏం లేదు, కాకపోతే నొప్పి తగ్గుతుంది." మా మనిషి "నడుస్తాడు" దాకా వినగానే చెప్పేశాడు. "ఆపరేషన్ చేస్తే మునుపటిలా నడుస్తవట." పెద్దాయన ముఖం వెలిగిపోయింది. కొడుకు వైపు చూసి నవ్వాడు. అప్పుడొచ్చింది వెనకాల "గ్యారంటీ ఏం లేదు" అన్న ముక్క. అదీ చెప్పాం. కానీ అప్పటికే ఆయన మనసులో లేచి నడిచేశాడు. తర్వాతి మాట చెవికెక్కలేదు. వేలిముద్ర వేశాడు.

ఆపరేషన్ అయింది. డాక్టర్ చెప్పినట్టే నొప్పి తగ్గింది, కుంటు పోలేదు. ఆయన ఎవరినీ తిట్టలేదు. మళ్లీ కనిపించినప్పుడు ఒకటే అన్నాడు. "నడుస్తనని నువ్వే చెప్తివి కద బిడ్డా."

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. భాష రాక జరిగిన తప్పు కాదది. రెండు భాషలూ మాకు బాగానే వచ్చు. ఆగాల్సిన చోట ఆగకపోవడం వల్ల జరిగింది.

వినడానికీ చెప్పడానికీ మధ్య దుబాసీ తీసుకునే ఆ కొద్ది వ్యవధికి ఈ విద్యలో పేరుంది. ప్రాసెసింగ్ టైమ్ అంటారు, ఫ్రెంచిలో డెకలాజ్ అంటారు. ఊరికే నోరు మూసుకున్న టైమ్ కాదది. మాట విని, భావం పట్టుకుని, అవతలి భాషలో అది ఎట్లా నిలబడుతుందో చూసుకునే టైమ్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1945లో న్యూరెంబర్గ్‌లో నాజీల విచారణ జరిగినప్పుడు ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, జర్మన్ భాషల మధ్య అప్పటికప్పుడే అనువాదం చెప్పారు. జర్మన్‌లో క్రియ చాలాసార్లు వాక్యం చివర్లో వస్తుంది. అది వచ్చేదాకా దుబాసీలు ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాల్సి వచ్చేది. మాట్లాడేవాళ్లు వేగం పెంచితే పసుపు రంగు దీపం వెలిగించేవాళ్లు, నెమ్మదించమని. ఎర్ర దీపం వెలిగితే పూర్తిగా ఆగాలి. అంత పెద్ద కోర్టు దుబాసీ కోసం ఆగింది.

అమెరికాలో సంజ్ఞా భాష దుబాసీల మీద డెనిస్ కోక్లీ అనే ఆయన 1986లో ఒక పరిశోధన ప్రచురించారు. రెండు సెకన్లు ఆగి చెప్పినవాళ్ల తప్పులు, నాలుగు సెకన్లు ఆగినవాళ్ల తప్పుల కంటే రెట్టింపుకు మించి ఉన్నాయని తేలింది. వెంటవెంటనే చెప్పేవాడే గొప్ప దుబాసీ అనుకుంటాం కదా, లెక్క తిరగబడింది.

మన భాషల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. తెలుగైనా, గోండి, కోయ, కొలామి అయినా ఒకే ద్రావిడ కుటుంబం. క్రియ చివర్లో వస్తుంది. అవునా కాదా అన్నది ఆ క్రియ తోకలో ఉంటుంది. "ఈ గోలీ పరగడుపున వేసుకో..." దాకా విన్నారనుకోండి. తర్వాత "వాలి" రావచ్చు, "కూడదు" రావచ్చు. ఆ తోక వినకుండా నోరు తెరిస్తే మందు విషమైనా కావచ్చు.

పాతబస్తీ దక్కనీలో ఇంకో తిరకాసు ఉంది. "కల్" అంటే నిన్న, రేపు కూడా. "కల్ ఖూన్ దియే క్యా?" అంటే నిన్న రక్తం ఇచ్చారా అని. "కల్ ఖూన్ దేనా" అంటే రేపు ఇవ్వాలని. క్రియ వచ్చేదాకా అది నిన్నో రేపో తేలదు. ఇక "పర్సోం" సంగతి హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. అది మొన్న కావచ్చు, పదేళ్ల కిందట కావచ్చు! అక్కడ ఆగడమే కాదు, "ఏ రోజు భాయ్?" అని అడగాలి కూడా. అట్లాగే "హమ్" అంటే మనమా, మేమా? తెలుగులో రెండూ వేరు. ఎదుటి మనిషి మనల్ని కలుపుకుని అంటున్నాడా, వదిలేసి అంటున్నాడా తెలియాలంటే ఇంకో రెండు మాటలు వినాలి.

అట్లాగని ఎంతసేపైనా ఆగొచ్చా అంటే అదీ కాదు. మనసు కడవ లాంటిది, నిండితే పొర్లిపోతుంది. డాక్టర్ అయిదు వాక్యాలు చెప్పేదాకా ఊరుకుంటే మొదటి రెండు ఎగిరిపోతాయి. అన్నిటికంటే ముందు పోయేవి అంకెలు, పేర్లు, తారీఖులు. అందుకే భావం కోసం ఆగాలి, అంకెను మాత్రం వెంటనే పట్టుకోవాలి, చెప్పెయ్యడమో కాగితం మీద రాసుకోవడమో చెయ్యాలి. కొలామి వాళ్లతో పని ఇంకా కష్టం. చాలాసార్లు కొలామి నుంచి గోండికి ఒకరు, గోండి నుంచి తెలుగుకు మనం, తెలుగు నుంచి దక్కనీకి ఇంకొకరు. ఒక్కో మెట్టు దగ్గర టైమ్ పడుతుంది. ఒక్కరు తొందరపడితే మిగతావాళ్లందరూ తప్పే మోస్తారు.

ఇదంతా తెలిసీ మనం ఎందుకు ఉరుకుతాం? మేం కూర్చుని మాట్లాడుకున్నాం. వెనక లైను ఉందని, డాక్టర్ గడియారం చూస్తున్నాడని అన్నారు కొందరు. నిజమే. కానీ అసలు కారణం ఇంకా లోపల ఉంది. చిన్నప్పుడు బళ్లో లేచి నిలబడి తెలుగులో జవాబు చెప్పేటప్పుడు ఒక్క క్షణం ఆగితే "వీళ్లకు తెలుగు రాదు" అన్నారు, క్లాసంతా నవ్వింది. అప్పటి నుంచి ఆగడమంటే భయం. ఆగితే రాదనుకుంటారని, వచ్చని చూపించుకోవడానికి ఉరుకుతాం. ఆ రోజు మా మనిషి చెవిలో అంత తొందరగా చెప్పింది పెద్దాయన కోసం కాదు, డాక్టర్ ముందు తన తెలుగు పరువు కోసం. ఇది ఒప్పుకోవడానికి మాకు సిగ్గేసింది, అయినా రాస్తున్నాం.

మన పెద్దవాళ్లను చూడండి. ఊళ్లో పంచాయితీలో పెద్దమనిషిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పడు. నేల వైపు చూస్తాడు, కాసేపుంటాడు, అప్పుడు మాట్లాడతాడు. అది బరువైన మనిషి లక్షణం. అదే మనిషి పట్నం ఓపీలో అట్లా ఆగితే "వినబడట్లేదా? అర్థం కాలేదా?" అని అరుస్తారు. ఆయన కంగారుపడి "హా, హా" అని తలూపుతాడు. ఆ "హా" ఒప్పుకోలు కాదు, వదిలెయ్యమని. అక్కడ దుబాసీ చెయ్యాల్సింది "ఆలోచిస్తున్నారు సార్, ఒక్క నిమిషం" అనడం. ఆయన మౌనాన్ని కూడా మనమే అనువదించాలి.

కోర్టు గురించి ఒక మాట. నిందితుడికి అర్థం కాని భాషలో సాక్ష్యం చెప్తే, దాన్ని కోర్టులోనే అతనికి అర్థమయ్యే భాషలో వినిపించాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 279వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ నియమం ఉంది. నిజాం కాలంలో సర్కారు కాగితాలు ఉర్దూలో ఉండేవి, మన తాతల భూముల సంగతి వాళ్లకు చదవరాని కాగితాల్లో తేలిపోయేది. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం అమరుడయ్యాకే సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి గోండి నేర్చుకుని మనవాళ్ల గోడు విన్నాడు. మన మాట వినడానికి అంత జరగాల్సి వచ్చింది.

"లైన్లో వందమంది ఉంటే నాలుగు సెకన్లు ఎక్కడివి?" అని అడుగుతారు. లెక్క వేద్దాం. ఇరవై వాక్యాల మాటకు వాక్యానికి నాలుగు సెకన్లు ఆగినా ఎనభై సెకన్లు. నిమిషంన్నర కూడా కాదు. డాక్టర్ల మీద ఒత్తిడి మాకూ కనిపిస్తుంది, వాళ్లను తప్పుపట్టడం లేదు. కానీ ఆ నిమిషంన్నర మిగిల్చినందుకు పెద్దాయన జీవితాంతం ఒక తప్పుడు ఆశను మోస్తున్నాడు.

ఇంకొందరు "ఇది సర్కారు పని, మనమెందుకు నేర్చుకోవాలి?" అంటారు. ఇది సర్కారు పనే. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి మాట్లాడేవాళ్లు 29 లక్షల పైనే, అయినా 8వ షెడ్యూల్లో గోండి లేదు, కోయ లేదు. సంతాలీ 2003లో షెడ్యూల్‌లోకి వచ్చింది, 2018లో రాజ్యసభలో దానికి దుబాసీలను పెట్టారు, 2019లో ఒడిశా సభ్యురాలు సరోజిని హేంబ్రం సభలో సంతాలీలో మాట్లాడారు. మన భాషలకూ పెద్దాసుపత్రుల్లో, కోర్టుల్లో జీతమిచ్చి శిక్షణ పొందిన దుబాసీలను పెట్టాలి. ఇది అడుగుదాం, గట్టిగా అడుగుదాం. కానీ రేపు పొద్దున బస్సు దిగే బాపు అప్పటిదాకా ఆగలేడు.

అందుకని మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. లోపలికి పోగానే మొదటి మాటే "సార్, రెండు మాటలకోసారి ఆగండి, నేను చెప్తాను" అని. డాక్టర్ మాట్లాడుతుండగా చెవిలో గొణగడం మానేశాం. క్రియ వినకుండా నోరు తెరవం. అంకెలు అరచేతిలోనైనా రాసుకుంటాం. చివర్లో "ఏం చెప్పిండ్రు, మీరు చెప్పండి" అని పెద్దవాళ్లనే తిరిగి చెప్పమంటాం. తప్పు దొర్లితే దాని మీద ఇంకో మాట అతికించం. "నేను తప్పు చెప్పిన, మళ్లీ మొదటి నుంచి చెప్త" అని చేతులు జోడించి మొదలుపెడతాం. ఆ రోజు అది చెయ్యలేకపోయాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు దుబాసీగా నిలబడ్డప్పుడు ఎవరైనా గడియారం చూస్తే చూడనివ్వండి. మీరు ఆగింది మాట రాక కాదు, మన మనిషి కోసం.

జోహార్.